షట్టర్లు దించిన అంగట్లో పానాలు

నా మోపెడ్ ఆగిపోయినప్పుడు ఎండ నడినెత్తికి రాబోతోంది. వెనక సీటుకు కట్టిన వ్యాక్సిన్ డబ్బాలో మంచు కరుగుతోంది. కిందికి దిగి పెడల్ తొక్కాను, మళ్ళీ తొక్కాను. ఇంజను ఒక దగ్గు దగ్గి ఊరుకుంది.

అప్పట్లో నేను జమ్మలమడుగులో ఉంటూ చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్తను. పల్లెల్లో అందరూ సూది నర్సమ్మ అనేవాళ్ళు. ఊర్ల పేర్లు రాయను. ఒకటి ఏటి ఒడ్డున ఉండేది కాబట్టి ఏటి ఊరు అంటాను. రెండోది మిట్ట మీద ఉండేది కాబట్టి మిట్ట ఊరు అంటాను. రెండూ నా డ్యూటీలోవే. రెండిటికీ పడదు. మా వైపు పార్టీ అంటే జెండా రంగు కాదు. ఎవరి మనుషులు ఎవరు అన్నదే పార్టీ. ఏటి ఊరు ఒక పార్టీ, మిట్ట ఊరు ఇంకో పార్టీ. అంతకు కొన్నాళ్ళ ముందే ఏటి ఊరి మనిషిని ఒకణ్ణి దారి కాచి నరికారు. మిట్ట ఊరివాళ్ళ మీద కేసయింది. అప్పటి నుంచి ఆ దారిలో ఎవరూ ఆగేవాళ్ళు కాదు. లారీలు కూడా నాపరాళ్ళ బరువుతో మూలుగుతూనే వేగంగా పోయేవి.

బండికి ఏమయిందో నాకు తెలుసు. ప్లగ్గుకు మసి పట్టింది. అది విప్పి, గీకి, మళ్ళీ బిగిస్తే స్టార్టవుతుంది. జమ్మలమడుగు మెకానిక్ నా కళ్ళ ముందే అట్లా చేశాడు. నా దగ్గర ప్లగ్ పానా కూడా ఉంది. సంతలో దుప్పటి పరిచి అమ్ముతుంటే చవకగా వస్తోందని కొన్నది. దాన్ని ప్లగ్గుకు తొడిగి తిప్పాను. జారింది. మళ్ళీ గట్టిగా నొక్కి తిప్పాను. గిర్రున తిరిగింది పానా మాత్రమే. తీసి చూస్తే పానా మూతి పువ్వులా విచ్చుకుంది, ప్లగ్గు అంచులు గుండ్రంగా అరిగాయి. ఏం చేయాలో తెలిసీ చేయలేకపోవడం ఎంత ఉక్రోషంగా ఉంటుందో ఆ దారి మీదే తెలిసింది నాకు. రెండు వైపులా కోసిన శనగచేలు. దూరంగా ఏ బండి చప్పుడు వినబడినా ఎవరిదో అని భయం. అది దాటిపోతే, ఇంకోటి రాకపోతే ఎట్లా అని మళ్ళీ భయం.

బండి తోసుకుంటూ మిట్ట ఊరికి పోయాను. అక్కడ ఒక సైకిల్ షాపు. షాపతను మంచి మనిషే, వాళ్ళ పాపకు నేనే టీకాలు వేశాను. నన్ను చూడగానే పానా చేతికి తీసుకొని లేచాడు.

"యాడి నుంచి వస్తాండావు మేడమ్?"

"ఏటి ఊరి నుంచి."

అతను వీధికి ఆ కొస, ఈ కొస చూశాడు. పానాను మెల్లగా పెట్టెలో పెట్టేశాడు.

"నువ్వు ఏమనుకోవద్దు. ఆ ఊరి నుంచి వచ్చిన బండిని ఈ పొద్దు ముట్టుకుంటే రేపు నా అంగడి ఉండదు."

"బండి నాది కదప్పా. ఊరిది కాదు కదా."

"నాకు తెలుసు. చూసేటోళ్ళకు తెలియొద్దా?"

బండి తోసుకుంటూ బయల్దేరాను. జమ్మలమడుగు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. డబ్బాలో మంచు నీళ్ళయి, మందు పాడైపోయింది. మా ఆయన వీధి మొదట్లోనే ఎదురొచ్చాడు. సాయంత్రం నుంచి బస్టాండుకూ ఇంటికీ తిరుగుతూనే ఉన్నాడట. బండి హ్యాండిలు అందుకొని తోశాడు.

ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాక మొదలుపెట్టాడు. ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. కాగితాల మీద దేన్నయినా సరిచేయవచ్చునని ఆయన నమ్మకం.

"పులివెందుల పక్కకు ట్రాన్స్‌ఫర్ పెట్టుకో. మీ పుట్టిల్లు ఆడనే ఉంది కదా. పెద్దాయన ఇంటికి పోయి ఒగ మాట చెప్పించుకుంటే నెల్లో అయిపోతాది."

ఆ పెద్దాయన మిట్ట ఊరి పార్టీకి నాయకుడు.

"ఆయన గడప తొక్కి వచ్చినాక ఏటి ఊర్లో నాకు బిడ్డ తొడ చూపించే తల్లి ఉంటాదా?" అన్నాను.

"ట్రాన్స్‌ఫర్ అయినాక ఏటి ఊరితో నీకేం పని?"

"కాకపోతే?"

ఆయన అన్నం కలిపి కలిపి వదిలేశాడు. ఆ మాటల మధ్యలో మా అత్త గడప మీద కూర్చుని మమ్మల్ని మార్చి మార్చి చూస్తోంది. ఆమెది వీరపునాయునిపల్లె పక్క. జీవితమంతా గొర్రెల మందతో తిరిగిన మనిషి. మామ పోయాక మంద అమ్మేసి మా దగ్గరికి వచ్చింది. టౌను ఇంట్లో ఆమెకు ఒకచోట కాలు నిలిచేది కాదు. వాకిట్లోకి, పెరట్లోకి, మళ్ళీ వాకిట్లోకి తిరుగుతూనే ఉండేది.

"బండి ఆగిందని ఊరు మారతారా?" అంది. "మందలో గొర్రెకు కాలు ఇరిగితే నేను డాక్టరు కోసం ఉరికినానా? కట్టె పెట్టి కట్టినా. ఏమ్మే, ఆ బండికి కట్టు కట్టేది నేర్చుకోరాదా?"

మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట తలలో నిలబడిపోయింది.

మరుసటి వారం సెలవు రోజున ప్రొద్దుటూరు బయల్దేరాను. అత్త కూడా వస్తానంది. మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకున్న కొన్ని నట్లు, అరిగిపోయిన ప్లగ్గు చేతిరుమాల్లో మూటగట్టుకున్నాను. కొత్త పానాలను వాటికి తొడిగి చూడాలని నా ఆలోచన. బస్సులో కూడా ఆ మూటను ఒళ్ళో అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను.

బంగారం అంగళ్ళ వీధి దాటి ఇనుప సామాన్ల వీధిలోకి పోయాం. మొదటి అంగట్లో ఒక ఎర్ర పెట్టె తెరిచి చూపించారు. లోపల పానాలు, సాకెట్లు, స్క్రూడ్రైవర్లు పెళ్ళికూతురు నగల మాదిరి తళతళ మెరుస్తున్నాయి. నా మనసు అక్కడే జారిపోయింది. ఇన్ని ఉంటే ఇంక నన్ను ఎవరాపుతారు అనిపించింది. అత్త ఒక పానా తీసుకొని చేతి వెండి కడియంతో దాని మీద గీసింది. మెరుపు పొరలా లేచి వచ్చింది.

"ఇది ఇనుముకు పూసిన పౌడరు," అంది. అంగడాయన మొహం మాడ్చుకున్నాడు. నేను నట్టు తీసి తొడిగి చూశాను. పానాలో నట్టు గిలక్కాయ మాదిరి ఆడుతోంది. సంతలో కొన్న పానా గుర్తొచ్చింది. బయటికొచ్చేశాం.

రెండో అంగడి ఇరుకు. గోడల నిండా పానాలు వేలాడుతున్నాయి. గ్రీసు వాసన. అంగడాయన ముసలాయన, తలమీద తెల్ల టోపీ. కువైట్‌లో గ్యారేజీలో పనిచేసి వచ్చానని తర్వాత చెప్పాడు. ఇనుప దవడలతో వస్తువును కదలకుండా పట్టే వైసు ఒకటి బల్లకు బిగించి ఉంది.

"ఎవరికమ్మా? ఇంటాయన మెకానికా?"

"నాకే."

ఆయన నన్ను, తర్వాత అత్తను చూశాడు.

"నా కోడలికే అన్నా," అంది అత్త. "ఏం, ఆడోళ్ళ చేతికి పానా పట్టదా?"

"పడతాదక్కా. నేనేమన్నా అంటినా?" అని ఆయన నవ్వి, నా చేతిరుమాలు విప్పి చూశాడు. అరిగిన ప్లగ్గును వేలితో తిప్పి నాలుక చప్పరించాడు. "ఏ పానాతో తిప్పినావో గానీ దీని ప్రాణం తీసినావు. యా సైజులు కావాల, ఏమేం పనులు చేస్తావు, అది చెప్పు ముందు. పెట్టె నిండా కొని మూల పెట్టే బేరం వద్దు."

నేను చెప్పాను. ప్లగ్గు, చైను, వెనక చక్రం, బ్రేకు. ఆయన ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టసాగాడు. ఒకే సైజులో రెండు మూడు రకాలు. నోరు తెరిచినట్టుండే డీ పానాలు ఒక పక్క, నట్టును చుట్టూ పట్టుకునే రింగు పానాలు ఒక పక్క. వైసులో నట్టున్న ఒక బోల్టు బిగించి, "లాగు," అన్నాడు. చవక రకం డీ పానా వేసి లాగాను. నా చేతికింద దాని నోరు కొంచెం తెరుచుకోవడం తెలిసిపోయింది. మంచి రకం రింగు పానా వేసి లాగాను. పానా జారలేదు, నట్టే కదిలింది. అంతవరకు నా పట్టులో లేనిదేదో చేతికి దొరికినట్టయింది.

అప్పుడే ఎక్కడో దూరంగా ఢామ్మని చప్పుడయింది.

వీధిలో బేరాలు ఆగిపోయాయి. తర్వాత ఎవరో ఏదో అరిచారు. వీధి ఆ కొసన ఒక షట్టరు దబ్బున పడింది. దాని పక్కది, దాని పక్కది. ఆ చప్పుడు మా వైపు పరుగెత్తుకుంటూ వస్తున్నట్టుంది. ముసలాయన కొక్కెం కర్ర తీసుకొని షట్టరు లోపలినుంచి లాగేశాడు. లైటు ఆర్పేశాడు. మేమిద్దరం లోపలే ఉండిపోయాం.

"ఏమయింది?" అన్నాను.

"తెల్దమ్మా. తెలిసేదాకా తెరిచేది లేదు."

షట్టరుకు, నేలకు మధ్య సందులోంచి ఒక సన్నటి వెలుగు గీత లోపల పడుతోంది. బయట చెప్పుల చప్పుళ్ళు, పరుగు. ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు. తర్వాత ఒక జీపు ఇరుకు వీధిలో హారను కొడుతూ పోయింది. దాని చప్పుడు దగ్గరైనకొద్దీ ముగ్గురం గోడవైపు జరిగాం. అది పోయాక ముసలాయన నా చేతివైపు చూసి నెమ్మదిగా అన్నాడు:

"అది కింద పెట్టమ్మా."

చూసుకుంటే పెద్ద రింగు పానాను పిడికిట్లో బిగించి, చేయి సగం పైకెత్తి ఉన్నాను. ఎప్పుడు ఎత్తానో నాకే తెలియదు. బల్ల మీద పెట్టాను.

కూర్చోలేకపోయాను. ఆ ఇరుకులో నాలుగడుగులు కూడా వేయడానికి లేదు. మా ఆయన జమ్మలమడుగులో ఈ మాట వింటే ఏమైపోతాడో అని, బస్సులు ఆగిపోతే ఎట్లా అని, రేపు డ్యూటీకి పోగలనా అని... మేకుల బస్తా మీద కూర్చున్న అత్త నన్ను చూసి చూసి విసుక్కుంది.

"ఏమ్మే, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతాండావు. వచ్చిన పని కానీ. అన్నా, ఆ పానాలు ఇట్ల పెట్టు."

"చీకట్లోనా అక్కా?"

"చేతులకు కండ్లు కావాల్నా?"

అట్లా మొదలైంది. నేను కూడా నేలమీద కూర్చున్నాను. ముసలాయన ఒక్కో పానా అందిస్తుంటే వేలు పెట్టి లోపలి మూలలు తడిమేదాన్ని. చవకవాటికి పోత పోసిన గరుకు అట్లాగే ఉండేది, మూలలు మొద్దుగా తగిలేవి. మంచివాటి మూలలు వేలికి స్పష్టంగా తెలిసేవి. నట్టు తొడిగి చెవి దగ్గర పెట్టి ఊపేదాన్ని. ఆడితే టకటకమని చప్పుడొచ్చేది. ఆడనిది మౌనంగా ఉండేది. చప్పుడొచ్చినవాటిని ఎడమపక్కకు, రానివాటిని కుడిపక్కకు. అత్త కూడా తడిమి చూసి నా కుడిపక్కన ఉన్నవాటిలో ఒకటి తీసి ఎడమపక్కకు పడేసింది.

"ఎందుకత్తా? బిగువుగానే ఉంది కదా."

"నడుమ బరువు ల్యా. చేతిలో నిలబడ్లా."

ముసలాయన అందుకొని తడిమి, "మధ్యలో శానా పల్చగా కొట్టినాడు," అన్నాడు. అది వద్దనుకున్నాం.

ఏ సైజుకైనా సరిపోయే స్లైడు పానా ఒకటి తీసుకుంటే అన్నిటి పనీ అయిపోతుంది కదా అని నాకు ఆశ ఉండేది. ఆయన మంచిదే ఇచ్చాడు. మరను తిప్పి ప్లగ్గుకు బిగించి చూశాను. గట్టిగా లాగగానే దవడ వెనక్కి జరిగింది. "గొట్టాల పనికి పనికొస్తాదమ్మా ఇది. తుప్పు పట్టిన నట్టుకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు," అన్నాడాయన. పక్కన పెట్టాను.

కటింగ్ ప్లేయరు ఎంచడానికి మాత్రం వెలుగు కావలసి వచ్చింది. షట్టరు సందు దగ్గర బోర్లా పడుకున్నంత వంగి, దవడలు మూసి, వాటి మధ్యనుంచి వెలుగు గీత కనబడుతుందేమోనని చూశాను. మొదటి దానిలో వెలుగు కనబడింది. రెండోదానిలో కనబడలేదు గానీ కీలు దగ్గర ఊగింది. మూడోది తీసుకున్నాను. ఆ సందులోంచి వీధిలో ఎవరిదో ఒక్క చెప్పు పడి ఉండడం కనబడింది. చూపు దానిమీదే ఆగిపోయింది. అత్త నా చీర కుచ్చిళ్ళు పట్టి వెనక్కి లాగింది.

చాలాసేపటికి ఎవరో షట్టరు మీద తట్టారు. పక్క అంగడాయన గొంతు.

"తెరువప్పా. ట్రాన్స్‌ఫార్మర్ పేలిందంట. ఏం ల్యా."

ఏం లేదు. షట్టరు పైకి లేచింది. వెలుతురు కళ్ళలో పొడిచింది. అందరూ అంగళ్ళ ముందుకొచ్చి నిలబడి ఒకరినొకరు చూసుకుని నవ్వుతున్నారు. ఆ నవ్వుల్లో ఎవరి మొహమూ సరిగా లేదు. నేను ఎంచినవి వెలుగులో మళ్ళీ ఒకసారి చూసుకున్నాను. మార్చవలసింది ఏమీ కనబడలేదు. అవసరమైన నాలుగైదు రింగు పానాలు, ఒక ప్లగ్ పానా, ప్లేయరు, కొయ్యపిడి స్క్రూడ్రైవరు. అంతే. ముసలాయన వాటికి నూనె రాసి, పేపర్లో చుట్టి, "తడి చేత్తో పెట్టెలో వేయొద్దు, వాడినాక తుడుచు," అన్నాడు.

ఇంటికొచ్చాక అత్త పాత గొంగడి ముక్క కోసి, ఒక్కో పానాకు ఒక్కో అర వచ్చేటట్టు కుట్టింది. చుట్టి తాడు కడితే చంకలో పట్టేంత మూట.

తర్వాత కొన్ని నెలలు వాకిట్లో నాపరాళ్ళ మీద గోనె పరిచి మోపెడ్ విప్పడం, బిగించడం. మొదట్లో బిగించాక ఏదో ఒక వాషరు మిగిలిపోయేది. ఎక్కడిదో తెలియక మళ్ళీ అంతా విప్పేదాన్ని. వండుతూ వండుతూ మధ్యలో వచ్చి ఒక నట్టు చూసుకొని పోయేదాన్ని. మా ఆయన పేపరు చదువుతున్నట్టు నటిస్తూ నన్నే చూసేవాడు. "ఈ ఇనుప పిచ్చి ఏందో," అనేవాడు. కానీ ఆగిన చోటే ప్లగ్గు విప్పి, గీకి, బిగించుకొని ఇంటికి వేళకు రావడం మొదలయ్యాక ఆయన బస్టాండు చుట్టూ తిరగడం మానేశాడు.

ఈ సంగతి పల్లెల్లో తెలిసింది. ఒకరోజు మిట్ట ఊర్లో ఒకరు పానా అడిగారు, ఇచ్చాను. ఇంకో రోజు ఏటి ఊర్లో అడిగారు, ఇచ్చాను. ఇచ్చినవి నేను పోయి అడిగితే తప్ప తిరిగి రాలేదు. ఒకటి వెతుక్కుంటూ పోతే బావి మోటారు దగ్గర తడిలో పడి ఉంది. నాకు నిద్ర పట్టలేదు. అట్లా చీకట్లో తడిమి తడిమి ఎంచుకున్నవి. అప్పటి నుంచి కచ్చితంగా చెప్పేశాను: పానా ఇంటి వాకిలి దాటదు, కావాలంటే బండి తెచ్చుకోండి.

వాళ్ళు తెచ్చుకున్నారు. మిట్ట ఊరివాళ్ళు వచ్చేవాళ్ళు, ఏటి ఊరివాళ్ళు వచ్చేవాళ్ళు. టౌన్లో మెకానిక్కులు లేక కాదు. ఏ మెకానిక్ ఏ పార్టీ అన్నది వాళ్ళకు పెద్ద లెక్క. నేను రెండు ఊర్ల బిడ్డలకూ సూది వేసేదాన్ని కాబట్టి నా వాకిట్లో ఆ లెక్క లేదు. మా ఆయన మాత్రం ఎవరైనా రాగానే కిటికీ దగ్గర నిలబడేవాడు. "ఇద్దరూ ఒగేసారి వస్తే?" అనేవాడు. నేను కూడా ఆ మాటే అనుకుంటూ ఉండేదాన్ని, పైకి అనకుండా.

ఆ రోజు రానే వచ్చింది.

మిట్ట ఊరి జీపు డ్రైవరు తన మోటారు సైకిల్ తెచ్చాడు. చైను వదులైంది. వెనక చక్రం ఊడదీసి పక్కన పెట్టుకున్నాడు. అతను ఏటి ఊరి హత్య కేసులో ముద్దాయి, బెయిలు మీద ఉన్నాడు. చేసినవాళ్ళలో అతనున్నాడో లేడో నాకు తెలియదు. మనిషి తల వంచుకొని పని చేసుకునేవాడు. అత్త అరుగు మీద కూర్చుని కందులు చేటలో ఏరుతోంది.

వాకిలి దగ్గర పాలక్యాన్ల చప్పుడయింది. ఏటి ఊరి పాలాయన, పంచరైన బండిని తోసుకుంటూ లోపలికి వచ్చాడు. హత్యకు గురైన మనిషికి సొంత తమ్ముడు.

నలుగురం నాలుగు చోట్ల ఆగిపోయాం. డ్రైవరు లేచి నిలబడ్డాడు. అతని చేతిలో చక్రం ఇరుసు విప్పిన పెద్ద రింగు పానా ఉంది. పాలాయన బండి హ్యాండిలు వదల్లేదు. అతని చూపు ఆ పానా మీదే ఉంది. లోపల మా ఆయన తలుపు గడియ పెట్టిన చప్పుడు వినబడింది. మరుక్షణమే మళ్ళీ తీసిన చప్పుడు. బయటికొచ్చి నా వెనక నిలబడ్డాడు.

నేను డ్రైవరు దగ్గరికి నడిచి చేయి చాపాను.

"పానా నాకియ్యి."

ఇవ్వలేదు. నన్ను కూడా చూడలేదు.

"అప్పా, నీ చక్రం ఊడి ఉంది. నువ్వు పోలేవు. ఆయన బండి పంచరయింది. ఆయనా పోలేడు. ఇద్దరి బండ్లూ నేనే బాగు చేయాల. పానా ఇయ్యి."

అరుగు మీంచి అత్త గొంతు లేచింది. "ఇయ్యరా! దాన్ని చీకట్లో కూచోని ఎంచి తెచ్చుకున్న్యాం మేము. నీ చేతిలో పట్టుకొని నిలబడేటందుకు కాదు."

డ్రైవరు పానాను నా చేతికివ్వలేదు. వంగి నాపరాయి మీద పెట్టాడు. పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాడు. నేను తీసుకున్నాను. అతని చక్రం నేనే ఎక్కించాను. ఇరుసు బిగిస్తుంటే చేతులు చెమటకు జారుతున్నాయి. చైను సరిగా ఉందో లేదో కళ్ళకు ఆనడం లేదు. బాగానే ఉందని చెప్పి పంపేశాను. అతను పాలాయన పక్కనుంచే పోవాలి. పోయాడు. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా నేను మెడ తిప్పలేదు.

పాలాయన అక్కడే గొంతుక్కూర్చున్నాడు. నీళ్ళిస్తే తాగాడు. అతని చక్రం విప్పడానికీ అదే సైజు కావాలి. పానా అందించాను. అతను చేయి వెనక్కి లాక్కున్నాడు.

"అది వద్దు. ఇంగోటి ఇయ్యి మేడమ్."

"ఈ సైజుది ఇదొక్కటే ఉంది."

"వాడు పట్టుకున్న్యాడు దాన్ని."

అత్త చేట పక్కన పెట్టి దిగి వచ్చింది. నా చేతిలోంచి పానా తీసుకొని తొట్టి దగ్గరికి పోయింది. బూడిద, చింతపండు వేసి, ఇత్తడి చెంబు తోమినట్టు దాన్ని తోమింది. లోపలి మూలల్లో వేలు పెట్టి తోమింది. నీళ్ళతో కడిగి, కొంగుతో తుడిచి, తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇప్పుడు పట్టుకో అప్పా."

అతను అరచేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. తర్వాత తీసుకున్నాడు. చక్రం విప్పుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు, శబ్దం లేకుండా. నేను ట్యూబు అతికించాను. మా ఆయన లోపలికి పోయి కాఫీ పెట్టుకొచ్చాడు. ఆయన కాఫీ పెట్టడం నేను అదే మొదటిసారి చూడడం.

దానితో ఏమీ చక్కబడలేదు. రెండు రోజులకు మిట్ట ఊరి నుంచి మనిషి వచ్చి, ఏటి ఊరివాళ్ళ బండ్లు నీ వాకిట్లో కనబడకూడదన్నాడు. ఏటి ఊర్లో సూది వేస్తుంటే ఒకావిడ, మిట్ట ఊరోళ్ళకు నువ్వు పని చేసి పెడతాండావంట కదా అని అడిగింది. నేను గొంగడి మూటను బీరువాలో పెట్టి తాళం వేశాను. అందరికీ ఒకే మాట చెప్పాను: నా బండికి తప్ప ఇంకే బండికీ తీయను. కొన్నాళ్ళు తిట్టుకున్నారు, తర్వాత మానేశారు. టీకాలు మాత్రం రెండు ఊర్లలోనూ ఆగలేదు. పాలాయన తర్వాత ప్రొద్దుటూరులో కాపురం పెట్టాడని విన్నాను. డ్రైవరు మీద కేసు కొట్టేశారన్నారు. సిమెంటు ఫ్యాక్టరీకి చిలమకూరు వైపు లారీ తోలుతున్నాడన్నారు.

బదిలీ ఎవరి మాటా లేకుండానే వచ్చింది. అందరికీ వచ్చినట్టే నాకూ వచ్చింది, పులివెందుల పక్కకు. మా ఆయన ఆ ఉత్తర్వు పట్టుకొని ఇల్లంతా తిరిగాడు. నాకెందుకో సంతోషం వెంటనే రాలేదు. ఆ దారిలో ఏ మలుపులో ఏ గుంత ఉందో, ఏ ఇంట్లో ఏ బిడ్డకు ఏ సూది బాకీ ఉందో అన్నీ నా తలలో ఉన్నాయి. వాటన్నిటినీ ఎవరికి అప్పజెప్పాలి?

పులివెందులలో ఇంటికి బోరు మోటారు ఉండేది. చేరిన కొన్నాళ్ళకే అది నీళ్ళు ఎత్తడం మానేసింది. నేను గొంగడి మూట విప్పుతుంటే మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నేను చేస్తా. నువ్వు చూస్తాండు," అన్నాడు.

జీవితంలో పానా పట్టుకోని మనిషి. నేను పక్కకు జరిగాను. ఆయన ఒకటి తీసి తొడిగాడు. పెద్దది. తిప్పితే జారింది. నా చేతులు వాటంతటవే ముందుకు పోయాయి. వెనక్కి లాక్కొని ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన మళ్ళీ ఆ పెద్దదాన్నే తొడిగాడు. నాకు చెప్పాలనీ ఉంది, చెప్పకూడదనీ ఉంది. లేచి నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను.

"దీనికన్నా చిన్నది ఏదే?" అన్నాడు చివరికి.

"తొడిగి చూడు. ఆడకుండా ఉండేది ఏదో నీ చేతికే తెలుస్తాది."

ఆయన ఒక్కొక్కటీ తీసి నట్టుకు తొడిగి, చెవి వంచి, ఊపి చూడసాగాడు. స్నానాల గదిలోంచి అత్త కేక వేసింది.

"ఏంరా, నీళ్ళు వస్తాయా ఈ పొద్దు? తలకు సీకాయి పెట్టుకోని కూచున్నా ఈడ!"

"వస్తాయిమా, ఉండు," అన్నాడాయన, తల ఎత్తకుండా, ఇంకో పానా అందుకుంటూ.